గాలం కర్ర విరిగిన చోటు

వడ్రంగం పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడు, సర్వీసులో ఏమేం చేశావు తాతా అని అడుగుతారు. వంతెన పలకలు, బండి చక్రాలు, గుడారం మేకులు, సర్వే గొలుసులు దాచే పెట్టెలు అని చెబితే మర్యాదకు తల ఊపుతారు. చేపలు పట్టే కర్ర ఒకటి బాగుచేశానని చెబితే మాత్రం నవ్వుతారు. నవ్వనివ్వండి. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి ఆ కర్ర దగ్గరే నేర్చుకున్నాను. ముందు కర్రను చెడగొట్టి, ఆ తర్వాత ఒక మనిషి బతుకును చెడగొట్టబోయి.

అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. గిద్దలూరు, కంభం, మార్కాపురం అన్నీ కర్నూలు జిల్లా కిందే ఉండేవి. గిద్దలూరులో అడవి ఆఫీసు వెనక రేకుల షెడ్డులో మా వర్క్‌షాపు. నల్లమల నుంచి బండ్ల మీద వచ్చిన కలప అక్కడే దిగేది. ఐదుగురం వడ్రంగులం, ఒక కమ్మరి, మా అందరి మీద ఒక మేస్త్రీ. మేస్త్రీది కంభం. వారం పొడుగునా షెడ్డు పక్క గదిలో ఉండి, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి పోయేవాడు. మేమంతా ఆయన్ను మామ అనే పిలిచేవాళ్లం. మాట తక్కువ మనిషి. పని బాగుంటే ఏమీ అనడు, బాగా లేకపోతే ఆ చెక్కను తీసి మన ముందు పెట్టి వెళ్లిపోతాడు.

ఆయన కాచే సరేసు అంటే తాలూకా అంతా పేరు. సరేసు అంటే తోలు ముక్కలు నానబెట్టి, సన్నటి సెగ మీద ఉడికించి తీసే జిగురు. ఆ వాసనకు ఊళ్లో కుక్కలన్నీ షెడ్డు చుట్టూ చేరేవి. మామ అతికిన కుర్చీని పగలగొట్టాలంటే చెక్క పగలాలి గానీ అతుకు ఊడదు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. చెయ్యి బాగా తిరిగింది. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ ఏడు మా అడవి ఆఫీసుకు పై అధికారిగా కొత్త ఇంగ్లీషు దొర వచ్చాడు. పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు. తెలుగు పరీక్ష పాసై వచ్చినవాడు గనక, పుస్తకంలో ఉన్న తెలుగే మాట్లాడేవాడు. బంట్రోతును కూడా తమరు అనేవాడు. బంట్రోతు బిత్తరపోయి అటూ ఇటూ చూసేవాడు. ఆయనకు తాగుడు లేదు, వేట లేదు. ఉన్న పిచ్చి అంతా గాలం వేయడం. అదీ మనలాగా వానపామును గుచ్చి కాదు. కొక్కేనికి నెమలి ఈకో, కొంగ ఈకో సన్నటి దారంతో చుట్టి, దాన్ని పురుగులాగా తయారుచేసేవాడు. పొడుగాటి కర్రతో ఆ పురుగును గాల్లో ముందుకూ వెనక్కూ ఊపి, నీటి మీద మెల్లగా వాలేటట్టు విసిరేవాడు. గట్టున కూర్చున్న గొర్రెల కాపరులు, ఈక పెట్టి చేపను మోసం చేస్తాడంట దొర అని నవ్వుకునేవాళ్లు. చేప మోసపోయేది కూడా.

ఆ కర్ర అందం చెప్పాలి. చూడ్డానికి ఒకే కర్ర. చేతిలోకి తీసుకుని చూస్తే ఆరు వెదురు బద్దలు. ఒక్కొక్క బద్దను మూడు పలకలుగా చిత్రిక పట్టి, ఆరింటినీ కలిపి అతికితే ఆరు పలకల కర్ర అయింది. అతుకు గీత కంటికి ఆనదు. అలాంటి ముక్కలు మూడు, ఒకదానిలో ఒకటి దూరేటట్టు ఇత్తడి గొట్టాలు. విసిరినప్పుడు కొస నుంచి పిడి దాకా ఒక వంపులో వంగేది.

ఒకసారి క్యాంపు మారుతుండగా వాగు దాటే చోట బండి ఒరిగింది. సామాన్ల పెట్టె వచ్చి కర్ర మీద పడింది. కర్ర నడిమి ముక్క సగానికి చిట్లింది. తప్పు ఎవరిదీ కాదు. మద్రాసు దుకాణానికి రాస్తే, దాన్ని సీమకు, అంటే ఇంగ్లండుకు పంపాలి, ఆరు నెలలు పడుతుందన్నారు. దొర దాన్ని మా షెడ్డుకు తెచ్చి, ఇక్కడ వీలవుతుందా అని అడిగాడు. నేను ముందుకొచ్చి వీలవుతుందన్నాను.

దొర వెళ్లాక మామ ఆ ముక్కను చాలాసేపు చూశాడు. "ఇది మన చేతి పని కాదురా. బొంగు పని. మేదరోళ్లకు ఒకసారి చూపించు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. సీమ నుంచి వచ్చిన దొర కర్రను తట్టలు అల్లేవాళ్ల చేతికి ఇవ్వడమేమిటి అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకి కూడా అన్నాను. మామ మళ్లీ చెప్పలేదు.

నేను చేసిందేమిటంటే, చిట్లిన చోటు కోసేసి, రెండు కొనలూ నున్నగా చేసి, జానెడు పొడుగు ఇత్తడి గొట్టం చేయించి అందులో రెండు వైపుల నుంచీ దూర్చాను. లోపల పోయడానికి సరేసు కావాలంటే మామ కాచి ఇచ్చాడు. గొట్టానికి మెరుగు పెట్టాను. కర్ర మెడలో నగ వేసినట్టుంది. దొర దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసి, మిగుల చక్కగా ఉన్నదన్నాడు. ఆ పూట షెడ్డులో నేను నేల మీద నడవలేదు.

పది రోజులకు, గుండ్లకమ్మ ఎగువన కొండల్లో ఒక మడుగు దగ్గర దొర క్యాంపు వేశాడు. గుడారం మేకులు ఇవ్వడానికి వెళ్లిన నేను కూడా అక్కడే ఉన్నాను. దొర కింద పనిచేసే అడవి రేంజరు కూడా ఉన్నాడు. దొర మోకాలి లోతు నీళ్లలో నిలబడి విసురుతున్నాడు. నాలుగో విసురుకో ఐదో విసురుకో నీళ్లు బుడుంగుమన్నాయి. పెద్ద పెద్ద పొలుసుల చేప, నీటి పైకి లేచినప్పుడు వెండి పళ్లెంలాగా కనిపించింది. కర్ర కొస వంగింది. పిడి వంగింది. నడుమ నా గొట్టం ఉన్న చోట మాత్రం వంగలేదు. టప్పుమని చప్పుడు. గొట్టం పై అంచు దగ్గర కర్ర తెగిపోయింది. చేపా, దారమూ, కర్ర కొసా కలిసి మడుగులోకి వెళ్లిపోయాయి. కొస ముక్కను తర్వాత ఒక జాలరి నీళ్లలోకి దిగి తెచ్చాడు. చేప మాత్రం పోయింది.

దొర ఒడ్డుకొచ్చి, చేతిలో మిగిలిన ముక్కను చూస్తూ, "ఇది ఎట్లు విరిగెను?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టు. నాకన్నా ముందే రేంజరు, ఎవరి పని ఇదని గద్దించాడు. చుట్టూ అడవి గార్డులు, బండ్లవాళ్లు, వంటమనిషి, అందరూ నన్నే చూస్తున్నారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది.

"సరేసు పట్టలేదండి. మేస్త్రీ కాచిన సరేసు."

అంతే. రెండు చిన్న ముక్కలు. అబద్ధం చెప్పాలని ముందుగా అనుకున్నది కాదు. ఆ క్షణాన నా మీదున్న చూపులు పక్కకు తిరిగితే చాలనిపించింది. తిరిగాయి కూడా. రేంజరు తల పంకించాడు. ఆ తల పంకించడం ఎందుకో నాకు తర్వాత తెలిసింది. మేస్త్రీ ఉద్యోగం మీద ఆయన బామ్మర్దికి ఎప్పటి నుంచో కన్ను.

పదిహేను రోజుల తర్వాత ఆఫీసు గుమాస్తా నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. మేస్త్రీకి కళ్లు తగ్గినాయి, చేతి పట్టు పోయింది, దొర వస్తువే పాడుచేసినాడు అని రేంజరు కాగితం పెట్టాడట. నూరు కాగితాల మధ్య దొర దాని మీద సంతకం చేశాడట. నెలాఖరుకు మామ పని మాని ఇంటికి పోవాలి. ఆయనకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది.

నేను నోరెత్తలేదు. రేపు చెబుతాను, దొర ఇటు వచ్చినప్పుడు చెబుతాను అనుకుంటూ ఆ నెల గడిపాను. ఈ రోజుకూ నాకు సిగ్గుగా ఉండేది మడుగు దగ్గర అన్న మాట గురించి కన్నా, ఆ తర్వాత మాట్లాడకుండా గడిపిన ఆ నెల గురించే.

నెలాఖరు రోజున మామ తన ఉలులు, చిత్రికలు గోనెసంచిలో కట్టుకున్నాడు. వెళ్లబోతూ నా బల్ల దగ్గర ఆగాడు. విరిగిన ముక్క ఆ బల్ల కిందే ఉంది. ఇక వదిలేయండని దొర పంపేసిన కర్ర అది. మామ వంగి దాన్ని తీశాడు. గొట్టం అంచు దగ్గర గోటితో గీకి చూశాడు. గొట్టంలో ఉన్న వెదురును గట్టిగా పట్టి లాగి చూశాడు. కదల్లేదు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"సరేసు పట్టే ఉంది కదరా" అన్నాడు.

సంచి భుజాన వేసుకుని స్టేషను దారి పట్టాడు.

మూడు రోజులు నేను పట్టిన చిత్రిక ఏదీ తిన్నగా రాలేదు. నాలుగో రోజు ఆ కర్ర ముక్కలన్నీ గుడ్డలో చుట్టుకుని సగిలేటి ఒడ్డున ఉన్న మేదరి గుడిసెలకు వెళ్లాను. అక్కడ ఒక అవ్వ చేట అల్లుతూ కూర్చుంది. ఆ వాడలో బద్ద చీల్చడంలో ఆమెను మించినవాళ్లు లేరని అందరూ అనేవారు. ముక్కలు ఆమె ముందు పెట్టాను. ఆమె విరిగిన దాన్ని చూడలేదు. ముందు బాగున్న ముక్కను తీసుకుని, బొటనవేలితో పొడవునా తడిమి, రెండు చేతుల మధ్య మెల్లగా వంచి వదిలింది.

"ఎవురు చేసినారు నాయనా దీన్ని? బొంగు మనసు తెలిసినోడు" అంది. సీమలో ఎవరో అని చెప్పాను. ఆ దేశంలో కూడా మేదరోళ్లు ఉంటారా అని ఆశ్చర్యపోయింది.

తర్వాత నా ఇత్తడి గొట్టం మీద వేలు పెట్టింది. "ఈడ నువ్వు వంగనీకుండా చేసినావు. ఈడ వంగకపోతే ఆ బరువంతా పక్కన పడుద్ది. పక్కన విరగక ఏం చేస్తాది?" అంది. మామ ఈ మాట వినమనే నన్ను మొదట ఇక్కడికి పంపబోయాడు. ఒక్క పూట నడిచి వచ్చి ఉంటే సరిపోయేది.

గొట్టాలూ అతుకులూ పనికిరావని, నడిమి ముక్క మొత్తం కొత్తగా చేయాల్సిందేనని ఆమె తేల్చింది. పచ్చి బొంగు అక్కరకు రాదంది. అటక మీద, పొయ్యి పొగకు ఏళ్ల తరబడి ఎండి గోధుమ రంగు తిరిగిన బొంగు ఒకటి ఉంది. చనిపోయిన ఆమె పెనిమిటి కొట్టి తెచ్చినదట. దాన్ని దించమంది. కత్తి అంచును బొంగు కొన మీద పెట్టి ఒక్క దెబ్బ వేసి, ఆపైన కత్తిని కొట్టకుండా ఊరికే తిప్పుతూ పోయింది. బొంగు తనంతట తానే విడిపోతున్నట్టుంది. నేను చీల్చిన మొదటి నాలుగు బద్దలూ వంకరగా పక్కకు చీలిపోయాయి. ఆమె నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని సరిచేసింది.

చిత్రిక పట్టేటప్పుడు లోపలి మెత్తని భాగమే తీయాలి, పై తోలు ముట్టుకోకూడదు, బలమంతా అక్కడే ఉందని చెప్పింది. ఆరు బద్దల కణుపులూ ఒకే చోట పడకుండా ఎగుడు దిగుడుగా అమర్చింది కూడా ఆమే. పొద్దున షెడ్డుకు పోయే ముందు, సాయంత్రం పని అయ్యాక అక్కడికే పోయేవాణ్ని. ఆరు బద్దలు సరిగ్గా రావడానికి ముప్పై దాకా పాడుచేశాను. పాడైనవి ఆమె చేటల్లోకి అల్లేసింది.

బద్దలు తయారయ్యాయి. ఇక అతకాలి. సరేసు నేనూ కాచగలను. మా షెడ్డులో ఇంకో ఇద్దరూ కాచగలరు. కానీ వేరే సరేసుతో అతికితే ఆ పని పూర్తయినట్టు కాదని నాకు తెలుసు. ఆదివారం ఉదయం రైలెక్కి కంభం వెళ్లాను.

మామ ఇంటి ముందు పక్కింటివాళ్ల నాగలి బాగుచేస్తున్నాడు. నన్ను చూసి కూర్చోమన్నాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి, షెడ్డులో అందరూ బాగున్నారా అని ఒక్కొక్కరి గురించీ అడిగింది. ఆమెకు ఏమీ తెలియదని అర్థమైంది. మామ ఇంట్లో చెప్పలేదు. ఆమె లోపలికి వెళ్లాక, మడుగు దగ్గర నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నాగలి మీద నుంచి చెయ్యి తీయలేదు.

"దొరతో చెప్పినావా?" అన్నాడు.

"లేదు మామా."

"మరి నాకెందుకు చెప్తావు? నాకు తెలిసిందే గదా."

నేను బద్దలు తీసి చూపించాను. అవ్వ సంగతి చెప్పాను. ఆయన ఆరింటినీ అరచేతిలో కలిపి పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. సందు కనిపించలేదు. లేచి వెళ్లి పొయ్యి వెలిగించాడు. మధ్యాహ్నం దాకా సరేసు కాచాడు. ఇద్దరం కలిసి అతికాం, కర్ర పొడవునా నూలు దారం బిగించి చుట్టాం. అంతసేపూ, దారం బిగించు, ఇటు పట్టు అన్న మాటలు తప్ప మా మధ్య వేరే మాట లేదు. సాయంత్రం రైలుకు నన్ను పంపేటప్పుడు కూడా దొర ఊసెత్తలేదు.

కర్ర ఆరి, దారం విప్పి, వార్నీషు పూసేసరికి దొర కంభం చెరువు కట్ట మీది బంగళాలో క్యాంపు ఉన్నాడని తెలిసింది. సెలవు పెట్టి బయలుదేరాను. గుడ్డలో రెండు వస్తువులు. కొత్త కర్ర, పాత విరిగిన ముక్క.

బంగళా వరండాలో దొర కాగితాలు చూస్తున్నాడు. పక్కన రేంజరు. ఎందుకొచ్చావురా అని రేంజరు మెట్ల మీదే అడ్డుపడ్డాడు. దొరగారి వస్తువు అన్నాను. దొర తలెత్తి రమ్మన్నాడు. దారి పొడవునా ఇంగ్లీషులో ఏం చెప్పాలో తయారుచేసుకుంటూ వచ్చాను. అక్కడికి వచ్చాక ఒక్క ముక్క గుర్తు లేదు. రేంజరు, నేను చెబుతాను ఉండు అని దొర వైపు తిరిగాడు. అతను చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని తెలుగులోనే, ఒక్కొక్క మాటా విడదీసి, దొరకు అర్థమయ్యేటట్టు చెప్పాను.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పినానండి. సరేసు తప్పు కాదు. తప్పు నాది."

రేంజరు ఒక అడుగు ముందుకు వేశాడు. నేను విరిగిన ముక్క ముందుకు పెట్టాను. దొర జేబులోంచి చాకు తీసి గొట్టం అంచున గుచ్చాడు. వెదురు పీచు లేచి వచ్చింది గానీ అతుకు ఊడలేదు. మళ్లీ గుచ్చాడు. చాకు మడిచి జేబులో పెట్టుకుని, ఆ దినమే ఎందుకు చెప్పలేదని అడిగాడు. భయపడినానన్నాను. ఎవరికి అన్నాడు. నిజానికి ఆయనకు కాదు, రేంజరుకు కూడా కాదు. అందరి ముందూ పని రానివాడిగా నిలబడడానికి భయపడ్డాను. అది చెప్పేంత తెలివి ఆ రోజు లేదు. గుడ్డలోంచి కొత్త కర్ర తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన కొత్త కర్రను తీసుకున్నాడు. ఎవరు చేసినది అని అడిగాడు. మేదరి అవ్వ చీల్చింది, నేను చిత్రిక పట్టాను, మేస్త్రీ అతికాడు అని చెప్పాను. వెదురు ఎక్కడిది అన్నాడు. రిజర్వు అడవిలో బొంగు కొట్టాలంటే పర్మిట్ కావాలి, ఆ పర్మిట్లు ఇచ్చేది ఈయన ఆఫీసే. అవ్వ పెనిమిటి ఏ పర్మిట్ మీద కొట్టాడో ఆ దేవుడికే తెలియాలి. ఆమె ఇంటి అటక మీద ఎప్పటి నుంచో ఉన్నదండి అన్నాను. దొర నా ముఖం చూశాడు. "అటక మీద వెదురు పెరుగును కాబోలు" అన్నాడు. ఆ విషయం అంతటితో వదిలేశాడు.

సాయంత్రం దాకా నన్ను ఉండమన్నాడు. ఎండ తగ్గాక కట్ట దిగి, నీళ్ల అంచున నిలబడి విసిరాడు. కర్ర కొస నుంచి పిడి దాకా ఒకే వంపులో వంగి లేచింది. ఆ వంపు చూస్తూ నేను గట్టు మీద కూర్చుండిపోయాను. పెద్ద చేప పడి ఉంటే కథకు బాగుండేది. అరచేతంత చేప ఒకటి పడింది. దాన్ని నీళ్లలో వదిలేసి, కర్రను తుడిచి గుడ్డలో చుట్టి, బాగున్నదని అవ్వకూ మేస్త్రీకీ చెప్పమన్నాడు.

వారంలోపల రెండు ఉత్తరువులు వచ్చాయి. ఒకటి, మేస్త్రీ వెంటనే వచ్చి పనిలో చేరాలని. రెండోది, నన్ను ఏడాది పాటు కొండల్లోని కలప డిపోకు మారుస్తున్నామని. మలేరియా తప్ప తోడు లేని చోటు అది. ఎవరూ ఇష్టంగా పోరు. రేంజరు పెట్టిన కాగితం తిరిగి ఆయన మీదికే వచ్చిందని గుమాస్తా అన్నాడు గానీ, ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఇంకో తాలూకాకు పోయి అక్కడ మీసం మెలేశాడు. అవ్వకు చెబితే, దొరకు నచ్చిందా, అయితే సరే అంది. మరుసటి ఏడు నుంచి మేదరోళ్ల బొంగు పర్మిట్ల విషయంలో గార్డులు కొంత మెత్తబడ్డారని విన్నాను. అది ఈ కర్ర వల్లేనో కాదో నేను చెప్పలేను.

డిపోలో జ్వరాలు పడుతూ లేస్తూ ఏడాది గడిపి తిరిగొచ్చేసరికి మామకు ఇంకా కొన్ని నెలల సర్వీసు మిగిలి ఉంది. మొదటి రోజు నాకు ఒక దూలం చూపించి కోతకు గుర్తు పెట్టమన్నాడు. పాత విషయం ఎత్తలేదు. నేను ఎత్తబోతే పని చెప్పి పంపేసేవాడు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియలేదు. ఆయన ఆఖరి రోజు షెడ్డులో అందరం కలిసి పూలదండ వేశాం. స్టేషను దాకా ఆయన సంచి నేను మోశాను.

కంభం బండి వచ్చి ఆగింది. మామ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచి అందించాను. గార్డు ఈల వేసేటప్పుడు ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు.

"నీ వయసులో నేను కూడా ఒకని మీద ఇట్లనే అబద్ధం చెప్పినానురా. వాడు పని పోగొట్టుకుని ఊరిడిసి పోయినాడు. నేను పోయి చెప్పలేదు."

ఎవరా మనిషి, ఎక్కడ అని నేను అడిగేలోపే బండి కదిలింది. నేను బండితోపాటు నాలుగడుగులు నడిచాను. మామ కండువాతో ముఖం తుడుచుకుని, రెండో వైపు కిటికీ కేసి తిరిగి కూర్చున్నాడు.